చేయి చాచినంత దూరం

“రోజూ మీరు ఎక్కువగా చూసేవి దూరానివా, దగ్గరివా?” అని కళ్ళ డాక్టరమ్మ నన్ను అడిగింది. జవాబు మా ఆయన చెప్పాడు.

“రెండూనండీ,” అన్నాడు కుర్చీలో ముందుకు జరిగి. “కారు తనే నడుపుతుంది. పార్టీలకి వెళ్తే తిరిగొచ్చేటప్పుడు నేను నడిపే స్థితిలో ఉండను, మీకు తెలియనిదేముంది. పిస్తోలు కాల్చడం ఒకటుంది, అదీ దూరమే. ఇక ఇంట్లో మా అమ్మ మాత్రలు. వాటి మీద చీమ తలకాయంత అక్షరాలుంటాయి. అవి దగ్గర.”

డాక్టరమ్మ ఓపికగా చెప్పింది. యాభైకి దగ్గరపడ్డవాళ్ళకి లేజరుతో రెండు కళ్ళూ దూరానికి సరిచేస్తే, చదువుకోవడానికి మళ్ళీ కళ్ళజోడు పెట్టుకోవాలి. అది వద్దనుకుంటే ఒక కన్ను దూరానికి, రెండోది దగ్గరికి సర్దవచ్చు. నాకు కుడి కన్ను బలమైంది కాబట్టి దాన్ని దూరానికి, ఎడమదాన్ని దగ్గరికి పెట్టవచ్చు. “అదే ఖాయం చేసేయండి,” అన్నాడు మా ఆయన, బీరువాకి రంగు ఎంచినంత తేలిగ్గా. “కుడిది కారుకి, ఎడమది మాత్రలకి.” నేను అడ్డు చెప్పలేదు. అప్పటికి నాకూ అందులో తప్పు కనపడలేదు. తొందరేం లేదు, అదే చూపునిచ్చే లెన్సులు ఒక వారం పెట్టుకుని తిరిగి చూడండి అని ఆవిడే నా కళ్ళలో వాటిని పెట్టి పంపింది. లిఫ్టులో దిగుతుంటే మాత్రం, అన్నదమ్ములు పొలం పంచుకున్నట్టు నా కళ్ళని పంచేశారు కదా అనిపించి నవ్వొచ్చింది.

“దేనికి నవ్వుతున్నావ్?” అన్నాడు.

“నా వాటాకి ఏమొచ్చిందా అని చూసుకుంటున్నాను.”

ఆయన వినలేదు. కారు తాళం ఏ జేబులో ఉందో వెతుక్కుంటున్నాడు. అది నా చేతిలో ఉంది.

ఆపరేషన్ ఆలోచన మొదట నాది. ఇంట్లో చెప్పగానే అందరిదీ అయిపోయింది. “మంచిదే, ఫోటోల్లో బాగుంటావు,” అన్నాడు మా ఆయన. “నాకు శుక్లాలు తీసినప్పుడు నువ్వు చేశావు, నీకు ఎవరు చేస్తారో ఏమో,” అంది మా అత్తగారు, ఆ చేసేవాళ్ళు ఈ ఇంట్లో ఉండరని ముందే తేలిపోయినట్టు. నాకు ఫోటోలతో పనిలేదు. గిన్నె మూత తీస్తే ఆవిరి పట్టి, చొక్కాలు ఇస్త్రీ చేస్తుంటే ముక్కు మీదికి జారి, ఆ కళ్ళజోడు ఇన్నేళ్ళూ నాతో కాపురం చేసింది. ఆ కాపురాన్ని ఇంకొన్నాళ్ళు భరించేదాన్నేనేమో. కానీ పోయినేడు జట్టు ఎంపికలో, చివరి గుండు దగ్గర, వేలు ట్రిగ్గర్ మీద బిగుస్తుండగా చెమటకి అది కిందికి జారింది. గుండు అంచుకి పోయింది. జట్టులో నా చోటు పక్కన నిలబడ్డావిడకి పోయింది. ఈసారి ఎంపిక వానలు తగ్గాక ఉంటుంది. దానికి కళ్ళజోడు లేకుండా వెళ్ళాలని ఆరోజు బస్సులో కూర్చునే తీర్మానించుకున్నాను.

అసలు పిస్తోలు నా చేతికి రావడమే ఒక తమాషా. నేను ఉద్యోగం చేసేది షూటింగ్ క్లబ్బు ఆఫీసులో. ఫోన్లు ఎత్తడం, వచ్చినవాళ్ళని కూర్చోబెట్టడం, కమిటీ మీటింగులకి టీ చెప్పడం, చెప్పడానికి ఎవరూ లేకపోతే ఆ టీ నేనే పెట్టడం. ఒకసారి ఆడవాళ్ళ జట్టులో ఒక మనిషి తక్కువైంది. “మేడమ్ ఖాళీగానే ఉందిగా, నిలబెట్టండి,” అన్నాడు సెక్రటరీ. చేతిలో ట్రేతో ఉన్న మనిషి ఆయనకి ఖాళీగా కనపడింది. ట్రే పక్కన పెట్టి నిలబడ్డాను. ఆ మధ్యాహ్నం జట్టు మొత్తంలో నా కాగితం మీదే చిల్లులు ఒక్కచోట కుప్పపడ్డాయి. ముసలి కోచ్ మాస్టారు ఆ కాగితాన్ని తిప్పి తిప్పి చూసి, “రేపట్నుంచి పొద్దున్నే రామ్మా,” అన్నారు. మర్నాడు వెళ్ళాను. ఇంకా వెళ్తూనే ఉన్నాను. పొయ్యి మీద పాలు కాగేలోపు నీళ్ళు నింపిన సీసాని కుడిచేత్తో చాచి పట్టుకుని చేయి గట్టిపరచుకోవడం కూడా మాస్టారు చెప్పిందే. “పాలు పొంగుతున్నాయి, నువ్వేమో శిలలా నిలబడ్డావు,” అని అత్తగారు కేకేస్తుంది. పొంగకముందే ఎడమచేత్తో దించుతాను. కుడి చేయి కదలదు.

మగవాళ్ళందరికీ ఒకటే జోకు. “ఎవర్ని తలుచుకుని కాలుస్తారు మేడమ్? సార్‌నేనా?” సార్‌గారు కూడా తక్కువేం కాదు. నలుగురు కూడిన చోటల్లా, “మా ఆవిడ పిస్తోలు కాలుస్తుంది బాబూ, ఇంట్లో నేను నోరెత్తను,” అంటాడు. నోరెత్తననే సంగతి చెప్పడానికి అరగంట మాట్లాడతాడు. అందరూ నవ్వుతారు, నేను ప్లేట్లు అందిస్తాను. నిజం చెబితే ఎవరూ నమ్మరు. అక్కడ నిలబడ్డప్పుడు నేను ఎవర్నీ తలుచుకోను. తలుచుకోకపోవడమే అందులోని సుఖం. పాలవాడు రాలేదనీ, గ్యాస్ అయిపోవచ్చిందనీ, అమ్మాయి హాస్టల్ నుంచి ఫోన్ చేయలేదనీ, ఆయన చొక్కా గుండీ ఊడిందనీ లేచిన దగ్గర్నుంచీ నా తలలో సంత జరుగుతూనే ఉంటుంది. చేయి చాచి గురి పెట్టగానే ఆ సంత కట్టేస్తారు. ఇంత పెద్ద ప్రపంచంలో ఎవరికీ అక్కర్లేని ఆ రెండు మూడు ఊపిర్లు నావి. వాటి కోసం పొద్దున్నే లేచి అందరి పనీ ముగించి పరిగెడతాను. అది నాకు చాలా ఇష్టం. ఆ ఇష్టాన్ని ఇంట్లో ‘హాబీ’ అంటారు. మా ఆయన మంచం మీద పడుకుని క్రికెట్ చూడటాన్ని మాత్రం ‘రెస్టు’ అంటారు.

లెన్సులు పెట్టుకున్న మర్నాడు క్లబ్బుకి వెళ్ళాను. అబ్బ, ఎంత చక్కగా కనపడిందో. గోడ వారన టార్గెట్ కాగితం మీది గీతలు కూడా లెక్కపెట్టేలా ఉన్నాయి. ఇక నాకు తిరుగేముంది అనుకుని కాల్చాను. తీగ మీద వెనక్కి వచ్చిన కాగితం చూస్తే, చిల్లులు పెళ్ళి పందిట్లో పిల్లల్లా తలో దిక్కుకీ పోయి ఉన్నాయి. ఇంకో కాగితం వేశాను. అదీ అంతే. మాస్టారు వెనకాల వచ్చి నిలబడ్డారు.

“ఎక్కడ చూస్తున్నావమ్మా?”

“టార్గెట్ వైపు మాస్టారూ. అద్దంలా ఉంది.”

“టార్గెట్ అద్దంలా ఉంటే ముందు సైటు ఎలా ఉంది?”

చేయి చాచి చూశాను. పిస్తోలు కొసన చిన్న నల్లపుల్ల ఉంటుంది, దాన్నే ముందు సైటు అంటారు. వెనక ఒక గాడి. గాడి మధ్యలో ఆ పుల్ల అంచులు కోసినట్టు కనపడాలి. కన్ను ఒకేసారి రెండు దూరాలని చూడలేదు కాబట్టి టార్గెట్‌ని మసకగా వదిలేయాలి. వెంట్రుకవాసి చేయి వంగినా చెప్పేది ఆ పుల్లే. ఇప్పుడా పుల్ల బూజు పట్టినట్టు ఉంది. మరి ఇన్నాళ్ళూ ఎలా కనపడింది? ఆలోచిస్తే తెలిసింది. నా పాత కళ్ళజోడు నంబరు ఉండాల్సిన దానికంటే తక్కువ. మార్పించుకుందామంటే ఎప్పుడూ ఇంట్లో ఇంకెవరిదో అవసరం ముందుకొచ్చేది. ఆ అశ్రద్ధ వల్లే కుడి కన్ను సరిగ్గా చేయి చాచినంత దూరంలో ఆగి, నాకు తెలియకుండానే నన్ను షూటర్‌ని చేసింది. పిస్తోలు కాల్చేవాళ్ళకి దూరపు చూపు కావాలని మా ఆయన అనుకున్నాడు, డాక్టరమ్మ అనుకుంది. ఇన్నేళ్ళు కాల్చి నేనూ అలాగే తలూపి వచ్చాను. ఇలాగే లేజరు చేయించుకుని ఉంటే ఎంపిక మాట దేవుడెరుగు, నా చోట్లోంచి నన్ను నేనే తోసేసుకునేదాన్ని. పిస్తోలు తుడిచి డబ్బాలో పెట్టేశాను.

కుడి కన్నుకి చేతి దూరం ఇస్తే, కారు నడపడానికి ఎడమ కన్ను దూరం చూడాలి. కారు నడపడం నాకిష్టం, దాన్ని వదులుకోను. ఇక మాత్రలు చదవడానికి కన్ను మిగలదు. ఇంట్లో ఆ మాట ఎలా ఎత్తాలో తెలియలేదు. మా ఆయన అప్పటికే లెన్సుల గురించి ఊరంతా చెప్పుకుంటున్నాడు. “కళ్ళజోడు లేకుండా మా అమ్మ మాత్రలు గడగడా చదివేస్తోంది,” అని ఫోన్లో వాళ్ళక్కతో చెబుతుంటే, చదివే కళ్ళు ఆయనవే అనిపించేంత గర్వం.

ఆ మధ్యాహ్నం అత్తగారు పేపరు చదువుకుంటోంది. నా మనసు మనసులో లేదు. మాత్రల డబ్బా విప్పి, ఒక అట్ట తీసి, పేరు చదివినట్టే గొణిగి ఆవిడ చేతిలో పెట్టాను. ఆవిడ పేపరు మీంచి చూపు దించి మాత్రల అట్ట కేసి చూసింది.

“ఇది రాత్రి వేసుకునేది అమ్మాయ్. పేరు రాసుందిగా.”

ఆవిడ ముక్కు మీద కళ్ళజోడు, ఒళ్ళో పేపరు. రోజూ మొదటి పేజీ నుంచి సంతాప ప్రకటనల దాకా వదలకుండా చదివే మనిషి మాత్రల పేర్లు చదవలేదని మా ఆయనా నేనూ నమ్ముతూ వచ్చాం. శుక్లాలు ఉన్నప్పుడు మొదలైన పని, శుక్లాలు పోయినా నాకు పోలేదు.

“మీకు కనపడుతోందా అత్తయ్యా?”

“కనపడకేం. ఆపరేషన్ అయ్యాక సూదిలో దారం కూడా ఎక్కిస్తున్నా.”

“మరి రోజూ మూడు పూటలా నాచేత చదివిస్తున్నారెందుకు?”

ఆవిడ పేపరు మడిచింది. కాస్త సిగ్గుపడిందని చెప్పాలి. “నువ్వు ఈ ఇంట్లో కాళ్ళకి చక్రాలు కట్టుకుని తిరుగుతావు. ఆ మాత్రల వేళకే కదా కాసేపు నా పక్కన కూర్చుంటావు.”

నాకు కోపం వచ్చింది. దాని వెనకే జాలి కూడా వచ్చింది. అయినా కోపం పోలేదు, రెండూ పక్కపక్కనే కూర్చున్నాయి. పనిచేస్తే తప్ప పక్కన కూర్చోవడానికి కారణం దొరకని ఇంట్లో ఆవిడ మాత్రం ఇంకేం చేస్తుంది? నేనూ అంతేగా, కూర్చోవాలంటే ఏదో ఒకటి చేతిలో ఉండాలి. “అత్తయ్యా,” అన్నాను. “సాయంత్రం టీ తెచ్చుకుని ఊరికే కూర్చుంటాను మీ దగ్గర. మాత్రలు మాత్రం మీరే చదువుకోండి.” ఆవిడ రాత్రి మాత్రని విడిగా తీసి పక్కన పెట్టుకుంది.

వారం తిరిగి డాక్టర్ దగ్గరికి వెళ్ళాం. నేను ఒక్కదాన్నే వెళ్తానన్నాను. “డాక్టర్‌తో మాట్లాడ్డానికి ఎవరో ఒకరుండాలిగా,” అని మా ఆయన చొక్కా వేసుకున్నాడు.

“లెన్సులు ఎలా ఉన్నాయి?” అంది డాక్టరమ్మ.

“ఫస్ట్ క్లాసండీ. మాత్రలు...”

“నాకు సరిపడలేదు డాక్టర్‌గారూ,” అన్నాను. నా గొంతు నేననుకున్నదానికంటే నెమ్మదిగా, స్పష్టంగా వచ్చింది. “కుడి కన్నుకి దూరం వద్దు. చేయి చాచినంత దూరం కావాలి. ఎడమది దూరానికి పెట్టండి.”

“పిస్తోలుకి దూరం కదా కావాల్సింది?” అన్నాడు మా ఆయన.

“కాదు,” అన్నాను.

ఎందుకు కాదో చెప్పాను. ముందు సైటు గురించి, గాడి గురించి, మసకగా ఉండాల్సిన టార్గెట్ గురించి. డాక్టరమ్మ గడ్డం కింద చేయి పెట్టుకుని విని, “నేనూ దూరమనే అనుకున్నానమ్మా, మంచిపని చేశారు చెప్పి,” అంది. “ఎంత దూరమో చూపించండి.” లేచి నిలబడి, బల్ల మీది పెన్ను తీసుకుని, పక్కకి తిరిగి చేయి చాచాను. నేను తిరిగిన వైపే మా ఆయన కుర్చీ ఉంది. పెన్నే అయినా ఆయన కుర్చీ కొంచెం పక్కకి జరుపుకున్నాడు. డాక్టరమ్మ టేపు తెచ్చి నా కంటి నుంచి పెన్ను కొస దాకా కొలిచింది. లెన్సులు తీయించి, పరీక్ష చేసే బరువైన ఫ్రేము పెట్టి, కుడివైపు అద్దాలు ఒక్కొక్కటే మార్చింది. ఒక అద్దం దగ్గర పెన్ను కొస నల్లగా, అంచులు కోసినట్టు నిలబడింది. దాని వెనక గోడ, గడియారం, మా ఆయన మెత్తగా మసకబారారు.

“ఇదే,” అన్నాను.

“కారుకి ఇబ్బంది ఉండదు, రెండు కళ్ళూ కలిసి సర్దుకుంటాయి. ఎంపికలోపు చూపు కుదుటపడుతుంది కూడా,” అంది డాక్టరమ్మ ఆ అద్దం నంబరు చూసుకుంటూ. “కానీ సన్న అక్షరాలు చదవలేరు. వాటికి కళ్ళజోడు వెతుక్కోవాలి. ఆపరేషన్ అయ్యాక కొన్నాళ్ళు పొయ్యి దగ్గరికీ పోకూడదు. ఇంట్లో కష్టం కాదా?”

మా ఆయన నా వైపు చూశాడు. మొదటిసారి, జవాబు తనే చెప్పకుండా.

“కాదండీ,” అన్నాను, చేయి దించకుండానే. “మా ఇంట్లో నావి కాక ఇంకా నాలుగు కళ్ళున్నాయి.”