మోనా టీ తాగే వేళ

ఆలూరు టాకీసు పక్క వాకిలి దగ్గర భీమమ్మ టీకొట్టు నడుపుతుంది. ఆదివారాలు ఆ టాకీసులో ఒక పాత బొమ్మ మళ్లీ మళ్లీ ఆడిస్తారు. బొమ్మ ముగింపుకొచ్చే వేళకు భీమమ్మ ఒక గ్లాసులో చక్కెర తగ్గించి టీ పోసి పెడుతుంది. అది ఆ బొమ్మలో క్లబ్బు డాన్సు చేసే మోనా కోసం. మోనా తెర దిగి, పక్క వాకిలి తోసుకుని, మెరుపుల గౌనుతో వస్తుంది. బెంచీ మీదివాళ్లు జరిగి చోటిస్తారు. టీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, మళ్లీ లోపలికి పోయి, హీరోకు తగలాల్సిన తూటాకు తాను అడ్డంపడి చచ్చిపోతుంది. ఆ కాలం సినిమాల్లో సిగరెట్టు తాగి, మనసైనవాడికి ఆ మాట చెప్పిన ఆడదానికి అదే గతి. అన్నిసార్లు చచ్చినా ఆమె మొహంలో విసుగుండదు. అంత నిబ్బరం భీమమ్మ ఇంకెవరిలోనూ చూడలేదు.

ఆ ఆదివారం భీమమ్మ మనసు బాగాలేదు. మొగుడు పోయిన కూతురు సుజన, ఆటో నడిపే హనుమేష్‌ను చేసుకుంటానని పొద్దున పట్టుబట్టింది. ఊరు మొహాన ఉమ్ముతుందని భీమమ్మ నోరు మూయించింది. సుజన అన్నం ముట్టకుండా కొట్టు వెనక గిన్నెలు తోముతోంది.

మోనా టీ తాగి లేచింది.

"నువ్వు చావకపోతే ఏమైతాది మోనా?" అనడిగింది భీమమ్మ.

"నేను బతికితే సంసార స్త్రీలు సినిమాకు రారట అక్కా. నన్ను చంపమని సర్కారు చెప్పలేదు. నిర్మాతలే ముందుగా భయపడి అలా రాయించారు."

"నేనూ సంసారినే గదా. నన్నెవురూ అడగల్యా."

"ఎవరినీ అడగలేదక్కా," అంది మోనా గౌను సర్దుకుంటూ.

భీమమ్మకు సిగ్గేసింది. తానూ ఊరిని ఒక్క మాట అడగకుండానే ఊరి పేరు చెప్పి బిడ్డ నోరు నొక్కింది. చెయ్యి చాచి మోనా మణికట్టు పట్టుకుంది.

"ఈ పొద్దు పోవద్దు. ఇంకో టీ తాగు."

లోపల తుపాకి పేలింది. ఇద్దరూ వాకిలి సందులోంచి చూశారు. హీరో తనంతట తనే పక్కకు జరిగాడు. తూటా గోడకు తగిలింది. హాల్లోని ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు, ఒక్కరూ లేచి పోలేదు.

మోనా చాలాసేపు ఆ గోడవైపే చూసింది. "జరగగలడన్నమాట," అంది.

భీమమ్మ రెండో గ్లాసు ఆమె చేతిలో పెట్టి, కొట్టు వెనక్కి తిరిగి కూతురిని పిలిచింది.

"సుజనా, హనుమేష్‌ను మాపటికి అన్నానికి రమ్మని చెప్పు. ముందు నువ్వు తిను."