గొంతు తగ్గిన ఇల్లు

గవర్నర్‌పేట వెనక, కాలవ వైపు సందులో సంజీవరావుది పెంకుటిల్లు. ఆ ఇంటికి ఎవరూ నంబరుతో గుర్తు చెప్పరు. "సందులోకి వెళ్ళండి, ఎక్కడ కేకలు వినపడితే అదే" అంటారు. ఆయన రైల్వేలో గార్డు చేసి రిటైరయ్యాడు. గూడ్సు బళ్ళ రొదలో అరిచి అరిచి గొంతు ఆ ఎత్తులోనే స్థిరపడిపోయింది. భార్య సంపూర్ణమ్మ మిషను బడిలో పంతులమ్మగా చేసింది. గదినిండా పిల్లల్ని అదుపులో పెట్టిన గొంతు ఒక్క మొగుడి దగ్గర ఎందుకు తగ్గాలన్నది ఆవిడ వాదన. వానొచ్చేట్టుందని చెప్పుకున్నా ఆ ఇంట్లో అది తగువులాగే వినపడేది.

అవి ఎమర్జెన్సీ రోజులు. దేశంలో పెద్దపెద్దవాళ్ళే గొంతు తగ్గించారు గానీ, ఆ ఇంట్లో మాత్రం ఎవరూ తగ్గించలేదు.

అలాంటి ఇంటికి సంజీవరావు ఒక ఎర్రకుక్కను తెచ్చాడు. అలవాటు చావక స్టేషను వైపు వెళ్తే, గూడ్సు షెడ్డు దగ్గర దగ్గుతూ పడిపోయి ఉందట. చూసి వదిలి రాలేక రిక్షాలో వేసుకొచ్చాడు.

"రిక్షాలోనా! నేను బజారుకెళ్తానంటే నడిచి పొమ్మంటారు గదండీ!" అని సంపూర్ణమ్మ సందంతా వినపడేట్టు అడిగింది.

పశువుల డాక్టరు బసవపున్నయ్య కుక్క రక్తం మైక్రోస్కోపులో చూసి పెదవి విరిచాడు. "మనుషులకి బోదకాలు తెచ్చే పురుగుందే, దాని దాయాదండీ ఇది. దీన్నీ దోమే తెస్తుంది. కుక్కకైతే గుండెలో చేరుతుంది. ఈపాటికి సేమ్యాలా గుత్తులు కట్టి ఉంటాయి. మద్రాసు నుంచి ఇంజక్షన్లు తెప్పిస్తాను గానీ, అసలు గండం ఆ తర్వాతే. చచ్చిన పురుగుల ముక్కలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. అప్పుడు ఇది పరిగెత్తినా, మొరిగినా, బెదిరినా, ఆఖరికి సంబరపడినా ప్రాణం పోతుంది. నెలన్నర పాటు ప్రశాంతంగా ఉండే ఇల్లు కావాలి" అన్నాడు. పాపం, ఆయన ఊరికి కొత్త.

బాగైతే తీసుకెళ్ళడానికి మనిషి సిద్ధంగానే ఉన్నాడు. పామర్రులో రైసుమిల్లు ఉన్న తిరుపతిరావుకు కాపలాకుక్క కావాలట. అందాకా ఉంచుకుంటే చాలు.

"అందాకానే" అంది సంపూర్ణమ్మ. "పేరు మాత్రం పెట్టకండి. పేరు పెడితే మనదైపోతుంది."

ఇంజక్షన్లయ్యాయి. కుక్క వసారాలో గోతాం మీద పడుకుంది. మర్నాడే చారులో ఉప్పెక్కువైందని సంజీవరావు కేకేశాడు. కుక్క ఉలిక్కిపడి లేచింది. దగ్గుతెర వచ్చి గోతాం మీద నెత్తురు చుక్క పడింది. సంపూర్ణమ్మ పరిగెత్తుకెళ్ళి దాని రొమ్ము మీద చెయ్యి వేసింది. లోపల గుండె తడబడుతోంది. ఆ తడబాటు ఆవిడ అరిచేతికి అంటుకుపోయింది. ఇది తన చేతుల్లో చావకూడదు, అంతే.

"ఏవండీ," అంది గుసగుసగా, "చారు పారబోస్తాను. అరవకండి."

ఆ రోజుతో ఇంటి గొంతు పడిపోయింది. గుసగుసల్లో తగువాడటం ఎంత కష్టమో ఆడిన వాళ్ళకే తెలుస్తుంది. సగంలోనే నవ్వొస్తుంది. పైగా ఇన్నేళ్ళూ కేకల్లో కొట్టుకుపోయిన మాటలు ఇప్పుడు వినపడసాగాయి. ఆవిడకు మోకాలి నొప్పి ఉందని సంజీవరావుకు అప్పుడే తెలిసింది. ఎప్పటినుంచే అంటే, మీరు బెజవాడకి బదిలీ అయినప్పట్నుంచీ అంది. ఆయన లేచి వెళ్ళి నీళ్ళబిందె తనే తెచ్చాడు.

ఇక్కడ ఇలా ఉంటే, పక్కింటి మాణిక్యమ్మకు కంటిమీద కునుకు లేదు. తిట్టుకునే మొగుడూ పెళ్ళాలకి భయం లేదు, మాటలు మానేస్తేనే కొంప మునిగేదని ఆవిడ లెక్క. పక్కింట్లో కేకలు ఆగిపోయిన సంగతి చర్చిలో పెద్దల చెవిన వేసింది. ఆదివారం సాయంత్రం పాస్టరు అయ్యగారూ, సంఘపెద్ద ఇశ్రాయేలూ, వెనక మాణిక్యమ్మా దిగబడ్డారు. ఇశ్రాయేలు చంకలో డోలక్ ఉంది.

"మా మధ్య ఏం లేదండయ్యగారూ, కుక్కకి జబ్బు. దాని కోసమే మెల్లగా మాట్లాడుకుంటున్నాం" అంది సంపూర్ణమ్మ లోగొంతుకతో.

"కుక్క కోసం మొగుడూ పెళ్ళాం నోరు మూసుకుంటారా అమ్మా!" అన్నాడు ఇశ్రాయేలు జాలిగా. "మనసులో బరువు దాచుకోకూడదు. ముందొక పాట పాడుకుందాం." డోలక్ మీద దెబ్బ వేశాడు.

కుక్క తల ఎత్తింది. చెవులు నిక్కబొడిచింది. మెడ సాచి ఊళ అందుకోబోతోంది. సంపూర్ణమ్మ ఒక్క ఉదుటున దాని పక్కన కూలబడి, మూతి ఒళ్ళోకి లాక్కుంది. దాని గుండె మళ్ళీ తడబడుతోంది. ఆవిడ కళ్ళవెంట నీళ్ళు జలజలా కారాయి.

"చూశారా, కరిగింది!" అన్నాడు అయ్యగారు. "ఇంకో పాట ఎత్తుకో ఇశ్రాయేలూ."

"వద్దండీ!" అంది సంపూర్ణమ్మ గుసగుసగా. "తప్పంతా నాదేనండీ. ఆయన్తో మాట్లాడకుండా ఉన్నాను. ఇప్పుడే రాజీపడిపోయాను. టీ కూడా అడగకుండా వెళ్ళండి, మీకు పుణ్యముంటుంది."

చెయ్యని తప్పు ఒప్పుకున్న ఆవిడ చేతిని సంజీవరావు చేతిలో పెట్టి, ప్రార్థన చేసి, పెద్దలు తృప్తిగా వెళ్ళారు. ఆవిడ రెండో చెయ్యి మాత్రం కుక్క రొమ్ము మీదే ఉంది. తడబాటు తగ్గిందాకా ఇద్దరూ అలాగే కూర్చున్నారు.

గండం గడిచింది. బసవపున్నయ్య మళ్ళీ పరీక్ష చేసి, ఇక భయంలేదు, మొరగనివ్వండి, పరిగెత్తనివ్వండి అన్నాడు. కబురందుకుని తిరుపతిరావు జీపులో వచ్చాడు. కుక్క వాటం నచ్చింది. గొంతు చూద్దామని చప్పట్లు కొట్టాడు, చేతికర్రతో నేలమీద బాదాడు. కుక్క అటు చూడలేదు, సంపూర్ణమ్మ వంక చూసింది. తిరుపతిరావు వీపు వెనక ఆవిడ పెదాల మీద వేలుంది. నెలన్నరగా అది నేర్చుకున్న పాఠం ఆ ఒక్కటే.

"ఇదేంటండీ, మొరగదా?"

"మూగదండీ పాపం" అంది సంపూర్ణమ్మ. "జబ్బులో గొంతు పోయింది." ఎన్ని బ్యాచీల పిల్లలకు అబద్ధమాడరాదని చెప్పి, స్కేలుతో కొట్టిన మనిషి ఆవిడ.

"మొరగని కుక్క మిల్లుకెందుకండీ! దొంగలొస్తే తోకూపుద్దా?" అంటూ ఆయన జీపెక్కాడు.

జీపు సందు మలుపులో హారన్ కొట్టింది. కుక్క గడప దాకా ఉరికి, గుండెనిండా గాలి తీసుకుని మొరిగింది. మళ్ళీ మళ్ళీ మొరిగింది. దగ్గు రాలేదు. సంపూర్ణమ్మ గడప మీద కూలబడి ఏడ్చేసింది.

"అబద్ధమాడావే" అన్నాడు సంజీవరావు గుసగుసగా.

"ఆడాను. ముందు దీనికో పేరు పెట్టండి."

"టైగరు."

"గుండెజబ్బు కుక్కకి టైగరేంటండీ! బంగారం అని పిలుద్దాం."

"గూడ్సు షెడ్డులో దొరికినదానికి బంగారమేంటే!" సంజీవరావు గొంతు లేచింది.

"ఏం, షెడ్డులో దొరికితే బంగారం కాకుండా పోద్దా!" సంపూర్ణమ్మ గొంతు అంతకంటే లేచింది. కుక్క ఇద్దరి మధ్యా చేరి తనూ అందుకుంది. సందు చివర దాకా వినపడింది.

గోడ అవతల మాణిక్యమ్మ చేస్తున్న పని ఆపి, ఆకాశం వైపు చేతులు జోడించింది.

"స్తోత్రం తండ్రీ! కాపురం నిలబడింది."