భాగ్!

భోజనం గంట కొట్టేలోపు తేలిపోవాలి. హిడ్మే నాలుగో తరగతిలో ఉంటుందా, రెండో తరగతికి దిగిపోతుందా?

"పరీక్ష నేనే పెడతాను. మీరు నోరు మెదపకూడదు జయగారూ," అన్నారు హెడ్మాస్టర్ చక్రధరరావు. బచేలి నుంచి బదిలీ మీద వచ్చిన ఆయనకు పిల్లలు వరసల్లో, చేతులు కట్టుకుని ఉండాలి. జయ క్లాసులోనేమో నలుగురేసి చాపల మీద గుండ్రంగా కూర్చుంటారు. ఒకరికి రాకపోతే మిగతా ముగ్గురూ నేర్పాలి. నలుగురికీ వచ్చాకే "అయింది" అనాలి.

"ఇది క్లాసా, సంతా?"

"సంతే సార్. అక్కడే కదా లెక్కలు తొందరగా వస్తాయి," అంది జయ నవ్వుతూ. "నేను మాట్లాడను. పిల్లలు మాట్లాడుకోవచ్చా?"

"పిల్లలేం చెప్తారండీ? మాట్లాడుకోనివ్వండి."

అది చాలు జయకు.

హిడ్మే అడవి లోపలి ఊరినుంచి వచ్చి నెల కూడా కాలేదు. ఇంట్లో మాట్లాడేది తెలుగు కలిసిన దోర్లీ. బడిలో చెప్పే హిందీ అంతంతమాత్రం. చక్రధరరావు ఆమె ముందు పద్నాలుగు చింతకాయలు పోసి గట్టిగా అన్నారు.

"చార్ భాగ్!"

హిడ్మే ఒక్క ఉదుటున లేచి గుమ్మం దాటి పరుగెత్తింది. సంతలో కొట్ల దగ్గర నిలబడితే ఎవరో ఒకరు అరిచే మాటే అది. భాగ్, పారిపో!

"చూశారా? నాలుగు భాగాలు చెయ్యమంటే పారిపోయింది. రెండో తరగతి రాసుకోండి."

జయ పెదవి బిగించింది. ఒక్కమాట చెబితే అయిపోతుంది. చెప్పలేదు. హిడ్మేతో ఒకే చాప మీద కూర్చునే పూనం వైపు మాత్రం చూసింది. ఆ పిల్ల అప్పటికే బయటికి దూకింది.

హిడ్మేను చెయ్యి పట్టి లాక్కొచ్చి కూర్చోబెట్టింది. "ఏందే, ఉరుకుడు కాదే! పాలు ఎయ్యమంటుండు."

"పాలా? ఏ ఆవుయి?"

క్లాసు గొల్లుమంది. చక్రధరరావు వాచీ చూసుకున్నారు.

పూనం తల కొట్టుకుంది. అంతలోనే ముఖం వెలిగింది. "నీ మొకం! వాగుల చేపలు పట్టినంక మీ ఊళ్లె నలుగురు పాళ్లెట్ల ఏసుకుంటరు?"

హిడ్మే ముందుకు వంగింది. చింతకాయలు చకచకా నాలుగు కుప్పలయ్యాయి. ఒక్కో కుప్పలో మూడు. మిగిలిన రెండింటినీ వేరుగా తోసింది.

"అవెందుకు పక్కన పెట్టావు?" తప్పు పట్టుకున్నాననుకున్నారు చక్రధరరావు.

"సమంగ రావు గద సార్. అయ్యి వల ఇచ్చినోళ్లకి."

ఆయన నెమ్మదిగా అన్నారు. "శేషం రెండు."

"శేషం అంటే ఏంది?" హిడ్మే పూనంను అడిగింది.

"వలోళ్ల పాలే!"

ఆ చాప మీది నలుగురూ ఒక్కసారే అరిచారు. "అయింది!"

చక్రధరరావు ఒక చింతకాయ నోట్లో వేసుకుని పులుపుకి కళ్లు మూసుకున్నారు. "నాలుగో తరగతే," అన్నారు జయతో. "రేపు మా అయిదో తరగతికీ చాపలు వేయించండి. మీరే వచ్చి చూపించాలి."

బయట గంట మోగింది. ఆయన హుషారుగా చెయ్యి ఊపారు. "చలో పిల్లలూ, భాగ్!"

అందరూ పళ్లాలందుకుని పరుగెత్తారు. హిడ్మే మాత్రం మిగిలిన చింతకాయలన్నీ మళ్లీ ఒకచోటికి చేర్చి తలెత్తింది.

"ఈసారి ఎంతమందికి సార్?"