ఆ ఆట మూడుసార్లేనట

డిపోలో అందరూ ఆమెను రైట్‌రైటక్క అంటారు. పద్దెనిమిదేళ్లుగా కండక్టరు. ఆమె బస్సులో టికెట్ లేకుండా రెండు స్టాపులు దాటిన మొనగాడు లేడు. టికెట్ ఉన్న మనిషిని ఆమె మధ్యదారిలో దింపేసిన రోజూ లేదు. అలాంటి మనిషికి నలభై మూడో ఏట కంప్యూటరు ఆట పిచ్చి పట్టిందంటే మొదట్లో ఎవరూ నమ్మలేదు.

పిచ్చి అంటే అన్ని ఆటల మీదా కాదు, ఒక్కదాని మీదే. సముద్రం మధ్యలో బోడి దీవి ఒకటి మన చేతికిస్తారు. అక్కడ రేవు కట్టాలి, ఇళ్లు కట్టాలి, మంచినీళ్లు తేవాలి, ఓడలు నడపాలి, జనాన్ని రప్పించాలి. మోకాలి ఆపరేషనయ్యి ఆమె రెండు నెలలు ఇంట్లో పడి ఉన్నప్పుడు, వదినకి పొద్దుపోవడం లేదని మరిది దాన్ని చూపించాడు. అతను తెచ్చింది ఎక్కడో ఊరికే దించుకున్న దొంగ కాపీ. ఆమె నాలుగు రోజులు ఆడింది. అయిదో రోజు చేతికర్ర పట్టుకుని, కుంటుకుంటూ దుకాణానికి వెళ్లి అసలు డబ్బా కొనుక్కొచ్చింది.

"ఊరికే దొరికేదాన్ని కొనడమేంటి వదినా!" అని మరిది తల పట్టుకున్నాడు.

"టికెట్ లేకుండా ఎక్కితే నాకు కూర్చోబుద్ధి కాదు" అంది ఆమె.

రెండున్నరేళ్లలో ఆ బోడి దీవి పట్నమైంది. పన్నెండు వేల మంది జనం, మూడు రేవులు, కొండ మీద ఆసుపత్రి. డ్యూటీ దిగి, యూనిఫాం మార్చుకుని, టీ గ్లాసుతో కంప్యూటరు ముందు కూర్చుందంటే గంటసేపు ఇంట్లో ఎవరూ పలకరించేవారు కాదు. ఆమె భర్త ప్రెస్సులో కంపోజరు. "మా వంటింట్లో కొళాయి కారుతుంటే పట్టదు గానీ, దీవిలో ట్యాంకు నిండకపోతే ఆవిడకి ముద్ద దిగదు" అని వచ్చినవాళ్లందరికీ చెప్పి నవ్వేవాడు. అయినా దీవిలో వీధులకు పేర్లు పెట్టింది ఆయనే.

కంప్యూటరు మాత్రం పాతది. మొదటి ఏడాదే హార్డ్ డిస్క్ పోయింది. కొత్తది వేయించి, ఆటను మళ్లీ ఎక్కించింది. తరువాత ఉరుముల వానలో మదర్‌బోర్డు కాలిపోయింది. అదీ మార్పించి మళ్లీ ఎక్కించింది. ముచ్చటగా మూడోది మరిది పుణ్యం. అతని పెన్‌డ్రైవ్‌లోంచి వైరస్ ఎక్కితే, మెకానిక్ మొత్తం తుడిచేసి కంప్యూటరును కొత్తగా చేసిచ్చాడు. దీవి భద్రంగానే ఉంది. ఆమె వారానికోసారి దాన్ని వేరే దాచి పెట్టుకునేది. డిస్కు పెట్టి, డబ్బా మీది తాళం నంబరు కొట్టి, ఆట ఎక్కడం కోసం ఎదురుచూసింది.

తెర మీద ఎర్ర అక్షరాలు వచ్చాయి. "ఈ ఆటను అనుమతి ఉన్నన్నిసార్లు ఇన్‌స్టాల్ చేశారు. ధన్యవాదాలు."

ఆమెకి ఒళ్లు మండింది ఆ ధన్యవాదాలు చూసి. డబ్బా అటూ ఇటూ తిప్పి చూసింది. అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో, 'పరిమితులు వర్తిస్తాయి' అని ఉంది. ఎన్నిసార్లో, దేనికో రాయలేదు.

కంపెనీ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసింది. అరగంట సంగీతం విన్నాక ఒకమ్మాయి పలికింది.

"మేడమ్, మీరు ఇప్పటికే మూడు కంప్యూటర్లలో వేసుకున్నారు."

"నాకున్నది ఒక్కటేనమ్మా."

"సిస్టమ్‌లో మూడు చూపిస్తోంది మేడమ్."

"సిస్టమ్ మా ఇంటికొచ్చి చూసిందా? డిస్కు మార్చాను, బోర్డు మార్చాను. కొత్త పన్ను పెట్టించుకుంటే మనిషి మారిపోతాడా?"

అవతల నవ్వు ఆపుకున్నట్టు వినిపించింది. అంతలోనే గొంతు మళ్లీ అప్పజెప్పిన పాఠంలోకి వెళ్లిపోయింది. "మీరు ఇంకో కాపీ కొనుక్కోవచ్చు మేడమ్. మీకు ఇంకేమైనా సహాయం కావాలా?"

"ఇంకేమైనానా? అసలు సహాయమే అందలేదు కదా!" అనేలోపు ఫోన్ పెట్టేశారు.

సాయంత్రం మరిది వచ్చి సంగతి విన్నాడు. అతనికి నవ్వాగలేదు.

"చూశావా వదినా? నా దొంగ కాపీకి ఏ లెక్కా లేదు. వందసార్లు ఎక్కించుకో, అడిగేవాడు లేడు. డబ్బిచ్చి కొన్నందుకు నీకే లెక్క. లే, రెండు నిమిషాల పని. నా దాంట్లోంచి ఓ ఫైలు తెచ్చి వేస్తా. నీ దీవి నీకు వచ్చేస్తుంది."

అతను ఎగతాళికి అన్నా ఆ మాట నిజమే. అందుకే ఆమెకి ఇంకా చివుక్కుమంది. దొంగలు రాకూడదని తాళం వేశామంటారు, దొంగేమో లోపల కాళ్లు చాపుకుని కూర్చున్నాడు, కొన్న మనిషి మాత్రం గడప బయట నిలబడి ఉంది. ఆ ఫైలు వేసుకుంటే దీవి వస్తుంది. కానీ తప్పు చేసినదానిలా, దొడ్డిదారిన. పద్దెనిమిదేళ్లు అందరినీ టికెట్ అడిగిన నోటితో రేపటి నుంచి ఏమని అడగాలి?

"వద్దు. నాది నాకు కావాలి. ముందు గుమ్మంలోంచే వెళ్తాను" అంది.

"వాళ్లు వినరు వదినా."

"వినకపోతే వినేదాకా చెప్తాను. మంగళవారం నాకు ఆఫ్. నువ్వొచ్చి ఈ పెట్టె మొయ్యి. వైరస్ నీదే కదా!"

మంగళవారం పది గంటలకల్లా ఇద్దరూ కంపెనీ సర్వీసు ఆఫీసుకు చేరారు. మరిది భుజం మీద కంప్యూటరు, ఆమె చేతిసంచిలో ఆట డబ్బా, బిల్లు, కాలిపోయిన మదర్‌బోర్డు. రెండో అంతస్తులో అద్దాల తలుపులు, చల్లటి గాలి, గోడ నిండా కత్తులు పట్టుకున్న వీరుల బొమ్మలు. నంబరు చీటీ ఇచ్చి కూర్చోమన్నారు. తలుపు దగ్గరి సెక్యూరిటీ అతను ఎవరి బిల్లు వాళ్లని చూపించమన్నాడు. మరిది తెల్లముఖం వేశాడు.

"బిల్లు లేనివాడివి, నువ్వు బయటే నిలబడు" అంది ఆమె.

కౌంటరు వెనక కుర్రాడు ఫోన్‌లో విన్న పాఠమే అప్పజెప్పాడు. ఆమె సంచిలోంచి బోర్డు తీసి కౌంటరు మీద పెట్టింది. మసిబారి, ఓ మూల కరిగిపోయి ఉంది. "ఇదిగో నీ రెండో కంప్యూటరు. ఇందులో ఆట ఎలా ఆడాలో చూపించు, వెళ్లిపోతా."

అతను బోర్డునీ ఆమెనీ మార్చి మార్చి చూశాడు. "మేడమ్, అది నా చేతుల్లో లేదు."

వెనక్కి తిరిగి చూస్తే కుర్చీల్లో కూర్చున్నవాళ్లలో చాలామంది చేతుల్లో అవే డబ్బాలు. ఆసుపత్రి దుస్తుల్లో ఒక నర్సు, లెక్కల మాస్టారు, ఒకే డబ్బాను ఇద్దరూ పట్టుకుని కూర్చున్న ముసలి దంపతులు. ఎవరికి వారు తమ ఒక్కరిదే ఈ ఖర్మ అనుకుంటూ తల దించుకుని ఉన్నారు. ఆమెకి అలవాటైన గొంతు పైకి లేచింది. కిక్కిరిసిన బస్సులో వెనక సీటుదాకా వినిపించే గొంతు.

"మూడుసార్లు అయిపోయిందని వచ్చినవాళ్లు ఎంతమంది? చెయ్యెత్తండి!"

తొమ్మిది చేతులు లేచాయి.

ఆమె వాళ్ల మధ్యకు వెళ్లి నిలబడి ఒక్కొక్కరినీ అడిగి కాగితం మీద రాసుకుంది. నర్సుది ల్యాప్‌టాప్ కింద పడి పగిలింది. మాస్టారు తన కంప్యూటర్లో విండోస్ మార్చారు. ముసలాయన, "మాకు ఎలా అయిపోయాయో కూడా తెలీదమ్మా" అన్నాడు. ఆ గోలకి లోపలి గదిలోంచి మేనేజరు బయటకొచ్చాడు. ముఖాన చెదరని చిరునవ్వుతో, "మేడమ్, మీరొకసారి లోపలికి రండి" అన్నాడు.

గదిలో కూర్చోబెట్టి, నీళ్లిచ్చి, మెల్లగా చెప్పాడు. "మీది ప్రత్యేకమైన కేసుగా చూస్తాను. మీ ఒక్కరికీ ఆ మూడుసార్ల లెక్క సున్నా చేయిస్తా. బయట మాత్రం ఎవరికీ చెప్పకండి."

ఒక్క క్షణం ఆమెకి దీవి కళ్లముందు మెదిలింది. సాయంత్రానికల్లా ఓడలు కదులుతాయి. సరేనంటే చాలు. బయట కుర్చీల్లో తొమ్మిది మంది ఆమెనే చూస్తూ ఉంటారు.

"సార్, నేను కండక్టర్ని" అంది. "మా బస్సు దారిలో చెడిపోతే ఏం చేస్తామో తెలుసా? వెనకొచ్చే బస్సు ఆపి, అదే టికెట్ మీద అందరినీ ఎక్కిస్తాం. అందరినీ. నాకు తెలిసినావిడ ఒక్కర్తినే చాటుగా ఎక్కించి, మిగతావాళ్లని మళ్లీ టికెట్ కొనమంటే నన్ను రోడ్డు మీదే తంతారు, తప్పు కూడా లేదు. మీ ఆట చెడిపోలేదు, మా కంప్యూటర్లు చెడిపోయాయి. మా టికెట్టు మాత్రం మా దగ్గరే ఉంది."

"దొంగ కాపీలు ఆపడానికే కదా మేడమ్ ఈ నిబంధన..."

"మా మరిది బయట నిలబడ్డాడు, అడగండి. వాడిది దొంగ కాపీయే. ఒక్కరోజు కూడా ఆగలేదు. మీరు ఆపింది నన్ను."

మేనేజరు నవ్వు మాయమైంది. పైవాళ్లని అడగాలని నసిగాడు. "అడగండి. మేం కూర్చుంటాం" అని ఆమె బయటకొచ్చి తన కుర్చీలో కూర్చుంది. మిగతావాళ్లూ కదల్లేదు. నర్సు డ్యూటీకి ఆలస్యంగా వస్తానని ఫోన్ చేసి చెప్పింది. పన్నెండైంది, రెండైంది. కొత్తగా వచ్చినవాళ్లకి ముసలావిడే సంగతి వివరించి పక్కన చోటిస్తోంది. మూడున్నరకి కౌంటరు కుర్రాడు లేచి, కాగితంలోని పేర్లు వరసగా పిలవడం మొదలుపెట్టాడు. ఆమెతో కలిపి పదిమందికీ లెక్క సున్నా అయ్యింది. ఆమె చివర నిలబడి అందరిదీ అయ్యాకే తనది చేయించుకుంది.

"ఇదే మాట గోడ మీద రాసి అంటించండి. రేపు వచ్చేవాళ్లకి తెలియాలి" అంది మేనేజరుతో.

"అది కుదరదు మేడమ్."

"అయితే వచ్చే మంగళవారం నేనే వచ్చి చెప్తాను."

అన్నట్టే వచ్చింది. ఆ తరువాతి మంగళవారమూ వచ్చింది. నర్సు, మాస్టారు వీలున్నప్పుడల్లా తోడొచ్చారు. భర్త ప్రెస్సులో చిన్న చీటీలు వేసిచ్చాడు. 'కొనేముందు అడగండి: ఇది ఎన్నిసార్లు ఎక్కుతుంది?' అని. ఆమెకి డబ్బా అమ్మిన దుకాణదారు మొదట గింజుకున్నాడు. చివరికి తనకీ కొనేవాళ్లతో రోజూ తిట్లు తప్పడం లేదని ఒప్పుకుని, చీటీ గల్లా దగ్గరే పెట్టాడు. మూడో నెలలో మరిది అసలు డబ్బా ఒకటి కొనుక్కొచ్చాడు. "బయట నిలబడి కాళ్లు లాగుతున్నాయి వదినా. లోపలికొచ్చి అరవాలంటే బిల్లు కావాలిగా" అన్నాడు.

అయిదో నెలలో కంపెనీ ప్రకటన వేసింది. ఇకమీదట ఆటను మూడుసార్లు కాదు, అయిదుసార్లు ఎక్కించుకోవచ్చట. ఆమె డ్యూటీ దిగి డిపోలో లెక్కలప్పజెపుతుండగా మాస్టారు ఫోన్ చేశారు. సంతోషం గొంతులో దాగడం లేదు.

"గెలిచామమ్మా! అయిదు చేశారు!"

ఆమె కూడా నవ్వింది. టికెట్ మిషను కౌంటరు మీద పెట్టి, బెంచీ మీద కూర్చుని, బిగుసుకుపోయిన మోకాలు చాపుకుంది.

"మంచిదే మాస్టారూ. ఆరోసారి చెడిపోతే?"

"మళ్లీ కొనమంటారు" అన్నారు మాస్టారు.

"మంగళవారం నేను వెళ్తున్నా. మీరు వస్తారా?" అంది.