వాపసు రాని టిక్కెట్లు

బొగ్గుగనుల ఊరు కతోవిత్సెలో, రైల్వే స్టేషను కింద జనం నడిచే దారిలో, పూలకొట్టుకీ తాళాలు బాగుచేసే కొట్టుకీ మధ్య ఇరుక్కుని ఒక టిక్కెట్ల కిటికీ ఉంది. దాని వెనక గిజెలా పందొమ్మిదేళ్ళుగా కూర్చుంటోంది. కచేరీల టిక్కెట్లన్నీ ఫోన్లలోకి వెళ్ళిపోయాక కూడా కచేరీలు నడిపే యజమాని కోర్నేల్ ఆ కిటికీ మూయించలేదు. ఆమె మీద జాలి కాదు. మెటల్ పాటలు వినే నల్లచొక్కాలవాళ్ళు ఫోనులో కొనరు. వాళ్ళకి చేత్తో పట్టుకునే కాగితం కావాలి. ఇంటికి తీసుకుపోయి పాతవాటి పక్కన గోడకి అతికించుకోవాలి.

ఆ సెప్టెంబరులో నెలా అనే పాప్ గాయని కచేరీకి ఎనిమిది వేల టిక్కెట్లు పదకొండు నిమిషాల్లో అయిపోయాయి. గిజెలా కిటికీలో ఒక్కటి కూడా అమ్ముడుపోలేదు. తరవాత ఆ అమ్మాయికి జ్వరమొచ్చి కచేరీ తొమ్మిది రోజులు వాయిదా పడింది. రెండు రోజుల్లో ఐదువేలమంది డబ్బు వెనక్కిమ్మన్నారు. కోర్నేల్ తలపట్టుకున్నాడు. ఫోనులో పని జరగని ఒక పిల్ల కిటికీ దగ్గరికే వచ్చి, "ఆంటీ, ఆ రోజు నాకు పరీక్ష. అయినా జ్వరం సంగతి ముందే చెప్పొచ్చు కదా?" అని నిలదీసింది. ఆ పిల్ల అడిగినదాంట్లో గిజెలాకి తప్పేమీ కనిపించలేదు.

అదే వారం 'జావావ్' బృందం టిక్కెట్లు అమ్మకానికి వచ్చాయి. గనిలో కప్పు కూలితే అక్కడివాళ్ళు అనే మాట అది. గుండె ఆగినా అదే మాట అంటారు. బొగ్గుబాయి కార్మికుల క్లబ్బులో పుట్టిన ఆ బృందం ఏటా డిసెంబరు నాలుగున, గని కార్మికులను కాచే బార్బరా మాత పండగనాడు పాడుతుంది. గాయకుడు ఆల్ఫ్రెడ్ కోజుబెక్ ముప్పై రెండేళ్ళలో ఒక్క కచేరీ కూడా మానలేదు.

పొద్దున ఎనిమిదింటికి గిజెలా తలుపు తీసేసరికి ఎర్విన్ నిలబడి ఉన్నాడు. ప్రతి ఏడూ మొదట వచ్చేది అతనే. అరవై దాటిన మనిషి, గని మూతపడ్డాక పింఛను మీద బతుకుతున్నాడు. ఒకప్పుడు తన షిఫ్టు వాళ్ళందరికీ కలిపి పద్నాలుగు టిక్కెట్లు కొనేవాడు.

"తొమ్మిదియ్యమ్మా ఈసారి," అన్నాడు.

"పోయినేడు పదకొండు కదా ఎర్విన్ గారూ?"

"ఇద్దరు పోయిన్రు. ఊపిరితిత్తులే, ఇంకేముంటది. ముందల వరసనే కదా? వెనకాలయితే హుబెర్ట్‌గాడు నన్ను బతకనియ్యడు."

హుబెర్ట్ అతని చిన్ననాటి స్నేహితుడు. గిజెలా నవ్వి ముందువరస టిక్కెట్లే ఇచ్చింది.

అక్టోబరు మధ్యలో ఒక మధ్యాహ్నం, తలకి రుమాలు కట్టుకున్న సన్నటి మనిషి కిటికీ దగ్గరికి వచ్చి జావావ్ కచేరీకి ఎన్ని టిక్కెట్లు పోయాయని అడిగింది. మూడువేల పైచిలుకు అని గిజెలా చెప్పగానే ఆమె అరచేత్తో అద్దాన్ని పట్టుకుంది, కళ్ళు తిరిగినట్టు. గిజెలా పక్క తలుపు తీసి లోపల స్టూలు మీద కూర్చోబెట్టింది.

"నేను ఆల్ఫ్రెడ్ భార్యని. రెగీనా అంటారు," అందామె. "ఇంక అమ్మకండి. దయచేసి ఆపెయ్యండి. ఆయన పాడలేరు. ఆగస్టులో గొంతుకి ఆపరేషనయింది. పాట సంగతి అటుంచండి, నన్ను పేరుపెట్టి పిలవడానికే మాట రావడం లేదు."

"మరి కచేరీ ఎలా చేస్తారమ్మా?"

"రికార్డింగు పెడతారట. ఈయన నోరు కదిపితే చాలట. మీ కోర్నేల్ గారు వచ్చి చెప్పి వెళ్ళారు. ఈయనేమో ఒప్పుకున్నారు. నేను వద్దంటే కాగితమ్మీద రాసి చూపించారు, వాళ్ళు ముప్పై ఏళ్ళుగా వస్తుంటే నేను ఎలా రానంటానని."

రెగీనా వెళ్ళిపోయాక గిజెలా కిటికీకి తెర దించేసి కోర్నేల్ ఆఫీసుకి నడిచింది. కోర్నేల్‌కి నలభై ఉంటాయి. వార్సా నుంచి వచ్చినవాడు, ఎవరి మీదా గొంతు పెంచడు. ఆమె చెప్పిందంతా విని కాఫీ తెప్పించాడు.

"గిజెలా గారూ, నెలా అభిమానుల్ని చూశారుగా. తొమ్మిది రోజుల వాయిదాకే మన పీక పట్టుకున్నారు. వీళ్ళు అలా కాదు. వీళ్ళు టిక్కెట్టు వాపసివ్వరు. ఆయన వేదిక మీద ఊరికే నిలబడినా చేతులెత్తి దండం పెడతారు."

"ఆయనకి గొంతే లేదంటోంది ఆవిడ."

"రికార్డింగుంది కదండీ. పాప్ వాళ్ళు రోజూ చేసే పనే."

"ఆ పిల్లలకి ఆ సంగతి తెలుసు. వాళ్ళు డాన్సు చూడ్డానికి వెళ్తారు. వీళ్ళు ఆ గొంతు కోసం వస్తారు."

"అందుకే కదా చెప్పొద్దంటున్నాను," అన్నాడు కోర్నేల్ మెల్లగా. "ఆయన సంతోషంగా ఒప్పుకున్నారు. వాళ్ళూ సంతోషంగా వింటారు. మధ్యలో మీకేమిటి నష్టం?"

గిజెలా కాఫీ తాగకుండానే లేచింది. మూడేళ్ళలో పింఛను వస్తుంది. ఈ కిటికీ పోతే ఆ మూడేళ్ళూ ఎలా గడపాలో ఆమెకి తెలియదు. వెళ్ళి మళ్ళీ కిటికీ తెరిచింది. ఆ నెలంతా అమ్ముతూనే ఉంది. టిక్కెట్టు అందించేటప్పుడు మాత్రం ఎదుటి మనిషి మొహం చూడ్డం మానేసింది.

నవంబరులో ఎర్విన్ మళ్ళీ వచ్చాడు. హుబెర్ట్ అల్లుడు జర్మనీ నుంచి వస్తున్నాడట, ఇంకో రెండు కావాలన్నాడు. గిజెలా చెయ్యి యంత్రం దాకా వెళ్ళి ఆగిపోయింది.

"వద్దండీ ఎర్విన్ గారూ. కొనకండి."

"ఏంది, అయిపోయినయా?"

"అయిపోలేదు. ఆయన పాడరు. గొంతుకి ఆపరేషనయింది. రికార్డింగు పెడతారు." ఒక్క ఊపులో చెప్పేసింది, ఆగితే మళ్ళీ చెప్పలేనేమోనని.

ఎర్విన్ ముందు నవ్వాడు. ఆమె నవ్వకపోయేసరికి మొహం గట్టిపడింది.

"ఎవరు చెప్పిన్రు నీకు?"

"ఆయన భార్యే వచ్చి చెప్పింది. ఈ స్టూలు మీదే కూర్చుంది."

"ఆయన భార్య ఈడికొచ్చి నీకు చెప్తదా? మాకు చెప్పకుండా?" ఎర్విన్ గొంతు లేచింది. పూలకొట్టు ఆవిడ తల బయటికి పెట్టి చూసింది. "ఆల్ఫ్రెడ్ మాతోని బాయిల దిగిన మనిషి. రికార్డింగు పెట్టేటోడు కాదు. ఎవలమ్మా నీకు పైసలిచ్చింది? ఆ పాప్ పాటలోళ్ళా? ఇన్నేండ్ల సంది నిన్ను ఇంటి మనిషనుకున్న."

"నేను అబద్ధమాడతానా ఎర్విన్ గారూ?"

"రెండు టిక్కెట్లియ్యి."

ఇచ్చింది. అతను వాటిని జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. సాయంత్రానికల్లా అభిమానుల పేజీలో హుబెర్ట్ రాశాడు, స్టేషను కింద కిటికీలో కూర్చునే ముసలిది ఆల్ఫ్రెడ్ మీద పుకార్లు పుట్టిస్తోందని. కింద నాలుగు వందలమంది ఆమెని తిట్టారు. కొందరు ఆమె చేతి మీదుగా ఇరవై టిక్కెట్లు కొన్నవాళ్ళే. మర్నాడు కోర్నేల్ పిలిచి, ఎంతో మర్యాదగా, ఆ నెల జీతం కవరులో పెట్టి ఇచ్చాడు.

వారం తిరక్కుండా తన పేటలోనే ఒక రొట్టెలకొట్టులో గిజెలాకి పని దొరికింది. పొద్దున ఐదింటికి వెళ్ళాలి, మధ్యాహ్నం ఒంటిగంటకి ఇంటికి రావొచ్చు. కాళ్ళు వాచేవి. తిట్లు మాత్రం కాళ్ళనొప్పికన్నా ఎక్కువ బాధపెట్టాయి. ఒక్కోసారి, నోరు మూసుకుని ఉంటే ఎవరికి ఏం పోయేది అనిపించేది. మళ్ళీ రెగీనా అద్దాన్ని పట్టుకున్న చెయ్యి గుర్తొచ్చేది.

డిసెంబరు నాలుగున వెళ్ళకూడదనే అనుకుంది. కానీ సాయంత్రం ఆరయ్యేసరికి హాలు ముందు ఉంది. గేటు దగ్గరి మనిషికి ఆమె తెలుసు, టిక్కెట్టు అడగకుండా లోపలికి వదిలాడు. వెనక గోడకి ఆనుకుని నిలబడింది. నాలుగువేలమంది, అందరూ నల్లచొక్కాలే. కొందరు పండగ కదా అని తల మీద గనివాళ్ళ ఈకలు గుచ్చిన టోపీలు పెట్టుకున్నారు. ముందువరసలో ఎర్విన్ బట్టతల కనిపిస్తోంది.

ఆల్ఫ్రెడ్ మెడకి మందంగా రుమాలు చుట్టుకుని వచ్చాడు. హాలు దద్దరిల్లింది. మొదటి పాట బాగానే సాగింది. గొంతు ఎప్పటిలాగే ఉంది, నేల అదిరేలా. ఒక్క క్షణం గిజెలాకే అనుమానమొచ్చింది, తనే పొరబడ్డానేమోనని.

మూడో పాట మధ్యలో అతనికి దగ్గు వచ్చింది. మైకు పక్కకి జరిపి వంగాడు. మోకాళ్ళ మీద చేతులాన్చి, వీపు ఎగిరెగిరిపడేలా దగ్గుతున్నాడు. పైన స్పీకర్లలో మాత్రం అతని గొంతు ఏమీ పట్టనట్టు పాడుతూనే ఉంది, పదేళ్ళ కిందటి ఊపిరితో.

హాలులో అరుపులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఎవరో ఈల వేశారు. ఒక బీరు గ్లాసు ఎగిరివచ్చి వేదిక అంచు మీద పడింది. "మోసం!" అని పక్కనుంచి ఒక కుర్రగొంతు అరిచింది. గిటారు వాయించేవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకుంటూనే వాయిస్తున్నారు. అప్పుడు ముందువరసలో ఎర్విన్ చెయ్యి పైకెత్తి ఆ పాట అందుకున్నాడు. పక్కన హుబెర్ట్, వాళ్ళ వెనక మరో పదిమంది, వందమంది. చివరికి హాలంతా అరిచి పాడింది, స్పీకర్లలోని గొంతు వినపడకుండా పోయేదాకా. ఆల్ఫ్రెడ్ లేచి నిలబడి కళ్ళు తుడుచుకున్నాడు. మళ్ళీ మైకు నోటి దగ్గర పెట్టుకుని పెదాలు కదిపాడు.

గిజెలా పక్కన నిలబడ్డ ఆడమనిషి ఏడుస్తోంది. గిజెలాకి మాత్రం ఏడుపు రాలేదు. వాళ్ళు ఆయన్ని కాపాడుతున్నారని తెలుస్తూనే ఉంది. ఆ పాటతోనే కోర్నేల్‌నీ కాపాడుతున్నారని కూడా తెలుస్తోంది. చివరిదాకా ఉండలేక బయటికి వచ్చేసింది.

డబ్బు వాపసు అడిగినవాళ్ళు ముప్పై ఒక్కమందేనని తరవాత గేటు మనిషి చెప్పాడు. పది రోజులకి గోడల మీద కొత్త కాగితాలు వెలిశాయి. జనం కోరిక మీద జావావ్ మార్చిలో మళ్ళీ పాడుతుందట, ఈసారి ఇంకా పెద్ద హాలులో.

ఆ కాగితాలు అతికించిన మర్నాడే ఎర్విన్ రొట్టెలకొట్టుకి వచ్చాడు. టోపీ తీసి చేత్తో నలుపుతూ, ముందున్నవాళ్ళంతా వెళ్ళేదాకా ఆగాడు.

"నువ్వు నిజమే చెప్పినవ్. నేను పాపిష్టి మాటలన్న. మాఫ్ చెయ్యమ్మా."

"టిక్కెట్టు వాపసిచ్చారా?"

ఎర్విన్ బిత్తరపోయాడు. "ఎట్లిస్తనమ్మా? ఆయనని ఒక్కణ్ణి జేసినట్టుంటది గదా."

పందొమ్మిదేళ్ళలో గిజెలా ఎవరిమీదా అరవలేదు. ఆ రోజు అరిచింది. "ఆయన ఊపిరాడక వంగిపోతే మీరు పాడి కప్పేశారు! అందుకే మార్చిలో మళ్ళీ నిలబెడుతున్నారు. మీరు వస్తూనే ఉంటారు, ఆయన్ని నిలబెడుతూనే ఉంటారు. ఆయన భార్య వచ్చి ఆపెయ్యమని నన్ను బతిమాలింది. మీ ప్రేమ ఎవరికి పనికొచ్చింది?"

లోపలినుంచి కొట్టు యజమానురాలు తొంగిచూసింది. ఎర్విన్ టోపీ నలపడం ఆపాడు.

"మరేం జెయ్యమంటవ్?"

"నన్నడిగితే ఏం లాభం? ఆయన్ని అడగండి."

"ఒక్కణ్ణే పోలేను. నువ్వు గూడ రా."

ఆదివారం మధ్యాహ్నం ఇద్దరూ బస్సెక్కి వెళ్ళారు. గనివాళ్ళ ఎర్ర ఇటుకల ఇళ్ళ వరసలో, మూడో అంతస్తు. రెగీనా తలుపు తీసి గిజెలాని గుర్తుపట్టింది. ఆల్ఫ్రెడ్ కిటికీ పక్క కుర్చీలో ఉన్నాడు. వేదిక మీద కొండలా కనిపించే మనిషి, స్వెట్టరులో మునిగిపోయి ఉన్నాడు. ఎర్విన్‌ని చూసి మొహం వెలిగింది. చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి, పలకలాంటి పుస్తకం మీద రాశాడు: "ముందువరస."

"ఆఁ, ముందల వరసనే," అన్నాడు ఎర్విన్. "ఆల్ఫ్రెడ్, మార్చిల నువ్వు రావద్దు."

ఆల్ఫ్రెడ్ రాశాడు: "మీరు వస్తారుగా."

"నువ్వు మానవని మేమొస్తున్నం. మేము మానమని నువ్వొస్తున్నవ్. ఇట్లయితే ఎవలు ఆపాలె?" ఎర్విన్ కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. "మార్చిల మేము రాము. నేను రాను, మావోళ్ళను రానియ్య."

ఆల్ఫ్రెడ్ పెన్సిలు తీసుకుని చాలాసేపు రాశాడు. రాసినదాన్ని ఒకసారి చదువుకుని, కాగితం చింపి గుప్పిట్లో నలిపేశాడు. ఎవరికీ చూపించలేదు. కుర్చీ కిటికీ వైపు తిప్పుకున్నాడు.

గుమ్మం దాకా వచ్చిన రెగీనా మొహం ఎర్రబడి ఉంది. "ఆపమనే నేనూ అడిగాను. కానీ ఆ మాట ఇంత మొరటుగా చెప్పాలా? ఆయనకి మీరు తప్ప ఎవరున్నారు?" అని తలుపేసింది. ఎర్విన్ మెట్ల మీదే కూర్చుండిపోయాడు. గిజెలా అతని పక్కన నిలబడింది.

పదిహేను రోజుల తరవాత, కోర్నేల్‌కి చెప్పకుండానే, ఆల్ఫ్రెడ్ అభిమానుల పేజీలో మూడు వాక్యాలు పెట్టాడు. గొంతు పోయిందనీ, డిసెంబరులో వినిపించింది పాత రికార్డింగనీ, ఇక పాడననీ. మార్చి కచేరీ రద్దయింది. కోర్నేల్ డబ్బు వెనక్కివ్వాల్సి వచ్చింది. అయినా సగంమంది అడగడానికి రాలేదు, టిక్కెట్లు గోడలకి అతికించుకున్నారు.

ఆల్ఫ్రెడ్‌ని ఆపింది తన మాటలేనో, వేరే ఏదైనా ఉందో ఎర్విన్‌కి తెలియలేదు. తను వెళ్ళి వచ్చిన సంగతి అతను దాచలేదు. దాంతో హుబెర్ట్ అతన్ని అందరిముందూ ద్రోహి అన్నాడు, మాటలు మానేశాడు. పొద్దున రొట్టెలు కొనడానికి వచ్చినప్పుడల్లా ఎర్విన్ అడుగుతాడు, "మనం జేసింది మంచేనా?" అని. గిజెలా ఎప్పుడూ తెలీదనే చెబుతుంది.

ఏప్రిల్లో ఒక పొద్దున రెగీనా కొట్టుకి వచ్చింది. పలకరించలేదు. ఒక రొట్టె తీసుకుని, డబ్బిచ్చి, తలుపు దాకా వెళ్ళి అక్కడ ఆగింది.

"ఇప్పుడు ఆయనకి నిద్ర పడుతోంది," అని వెనక్కి తిరక్కుండానే చెప్పి, బయటికి వెళ్ళిపోయింది.