గీత కిందికి

ఉడికిన గుడ్డు పెంకు ఒలుస్తూనే లియొనార్డ్ గుర్‌స్కీ జీతాల పట్టిక చూస్తున్నాడు. పెంకు ముక్కలు పాత కవరు మీద కుప్పపడుతున్నాయి. వేలికొసతో ఉప్పు అద్దుకుని గుడ్డు కొరికాడు కానీ కళ్ళు తెర మీంచి కదలలేదు. బయట టొలీడో నగరం మీద ఫిబ్రవరి మంచు కురుస్తోంది. ఆ గదికి కిటికీ లేదు. గోడ అవతల పైకప్పున్న సాధన మైదానంలో బంతి నేలకు తగిలే చప్పుడు మాత్రం దబ్ దబ్‌మని వస్తోంది. ఇరవై రెండేళ్ళుగా బాస్కెట్‌బాల్ అంటే అతనికి ఆ చప్పుడే.

ఆటగాళ్ళను ఒక జట్టు నుంచి ఇంకో జట్టుకు మార్చుకోవడానికి ఈ ఏటికి ఇదే ఆఖరి రోజు. మధ్యాహ్నం మూడు దాటితే ఎక్కడివాళ్ళు అక్కడే.

లియొనార్డ్‌కి అరవై ఒకటి. సన్నటి భుజాలు, గోధుమరంగు టై, చెవుల్లో నెరిసిన వెంట్రుకలు. చెంప మీద రోజూ ఒకేచోట గడ్డం కత్తి గాటు. తండ్రి గాజు ఫ్యాక్టరీలో కొలిమి దగ్గర పనిచేసి పోయాడు. కొడుకు అదే ఫ్యాక్టరీలో పద్దులు రాశాడు. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఈ జట్టులో చేరాడు. బంతి ఎప్పుడూ పట్టి ఎరగడు. ఆటగాళ్ళు కారిడార్లో ఎదురుపడితే మొహం కన్నా ముందు జీతం గుర్తొచ్చేది. 'అరవై నాలుగు లక్షలు, వచ్చే ఏడు జట్టు ఇష్టం' అనుకుంటూ పక్కకి తప్పుకునేవాడు. వాళ్ళూ అతన్ని కరెంటు పనివాడనుకుని తలూపి పోయేవారు.

తొమ్మిదింటికి హాల్వర్సన్ వచ్చాడు. జట్టు వ్యవహారాలన్నీ చూసే మేనేజరు. ముప్పై ఆరేళ్ళు ఉంటాయి. కూర్చోడు, గుమ్మానికి ఆనుకుని మాట్లాడతాడు.

"లెన్, ఓనరు మళ్ళీ ఫోన్ చేశాడు. గీత కిందికి దిగాల్సిందేనట. ఎంత పైన ఉన్నాం?"

"నలభై రెండు లక్షల పదిహేడు వేల..."

"చిల్లర నాకెందుకయ్యా. దారి చూపించు."

లీగు ఏటా ఒక గీత గీస్తుంది. జట్టు జీతాలు ఆ గీత దాటితే, దాటిన ప్రతి డాలరుకూ డాలరున్నర పన్ను కట్టాలి. దాటనివాళ్ళు ఆ పన్నుల సొమ్మును సమానంగా పంచుకుంటారు. ఈ ఏడు పంపకంలో ఒక్కో జట్టుకూ కోటీ ఇరవై లక్షల డాలర్లు వచ్చేలా ఉంది. అంటే ఆ నలభై రెండు లక్షల కోసం ఓనరుకి అటూ ఇటూ కలిపి కోటీ ఎనభై లక్షలు చిల్లు. ఈ లెక్క లియొనార్డే డిసెంబరులో కట్టి ఇచ్చాడు. అప్పటినుంచీ ఓనరుకి నిద్ర పట్టడం లేదు.

తొమ్మిది నుంచి పన్నెండు దాకా అతను ఎనిమిది దారులు వెతికాడు. బంతి నడిపించే కుర్ర గార్డు కీనన్‌ని టకోమా జట్టుకి పంపితే గీత దిగుతుంది, కానీ కోచ్ ఒప్పుకోడు. గాయంతో పడున్న డ్రూని పంపుదామంటే తీసుకునేవాడు లేడు. ముగ్గురిని ఇచ్చి ఇద్దరిని తెచ్చుకునే బేరం ఒకటి చక్కగా కుదిరింది. పదకొండున్నరకి అవతలివాళ్ళు మనసు మార్చుకున్నారు. తొమ్మిదో దారి అతనికి పొద్దున్నుంచీ తెలుసు. పట్టికలో ఆ పేరున్న వరస దగ్గరికి వచ్చినప్పుడల్లా మౌసుని పక్కకి జరుపుతూ వచ్చాడు.

కార్నెల్ బోడ్రీ. ముప్పై నాలుగేళ్ళు. సెంటర్, బుట్ట కింద ఆడే పొడుగు మనిషి. జీతం యాభై రెండు లక్షలు, ఒప్పందం ఈ ఏడుతో ఆఖరు.

ఒమాహా జట్టు దగ్గర ఒక వెసులుబాటు ఉంది. పాత బేరంలో మిగిలింది. యాభై రెండు లక్షల పదివేల దాకా జీతమున్న ఆటగాణ్ణి ఎదురు ఎవర్నీ ఇవ్వకుండా తీసుకోవచ్చు. కొలిచి కుట్టినట్టు కార్నెల్ అందులో పడతాడు. ఒక్కటే చిక్కు. జట్టు మారిస్తే అతనికి అదనంగా రెండు లక్షల తొంభై ఆరు వేలు ఇవ్వాలని ఒప్పందంలో రాసుంది. అది కలిపితే లెక్క పొంగిపోతుంది, లీగు ఒప్పుకోదు. ఆ బహుమానం వదులుకోవాలంటే అతనే సంతకం పెట్టాలి.

రెండేళ్ళ కిందట లియొనార్డ్‌కి కంటి శుక్లం తీశారు. తొమ్మిది రోజులు కారు నడపొద్దన్నారు. భార్య బెర్నీస్ పోయి అప్పటికి ఏడాది. మొదటి సాయంత్రం బస్టాపులో మంచులో నిలబడి ఉంటే ఒక పెద్ద కారు వెనక్కొచ్చి ఆగింది. "మీరు మా ఆఫీసులో లెక్కలాయన కదూ? ఎక్కండి" అన్నాడు కార్నెల్. ఆ తొమ్మిది రోజులూ ఇంటి దగ్గర దింపాడు. ఒకరోజు దుకాణం ముందు కారాపి, "కంటికి మంచిదట" అని క్యారెట్ల కట్ట కొనిచ్చాడు. ఆ భవనంలో లియొనార్డ్‌ని 'గారూ' అని పిలిచేది అతనొక్కడే.

పన్నెండుంబావుకి తొమ్మిదో దారి హాల్వర్సన్‌కి చూపించాడు.

"ఇంతసేపూ ఇదెక్కడ దాచావ్?" అని హాల్వర్సన్ ఈల వేశాడు.

పన్నెండు నలభైకి ఒమాహా నుంచి జవాబొచ్చింది. తీసుకుంటారు. బదులుగా కొంత నగదు, ఎప్పుడో ఆరేళ్ళ తరవాత కొత్త కుర్రాణ్ణి ఎంచుకునే ఒక అవకాశం ఇవ్వాలి. చివర్లో ఒక వాక్యం ఉంది: 'అతను మాకు అక్కర్లేదు, కాగితాలు రాగానే జట్టులోంచి వదిలేస్తాం.' లియొనార్డ్ ఆ వాక్యం రెండుసార్లు చదివాడు.

"సంతకం నువ్వు తీసుకురా" అన్నాడు హాల్వర్సన్.

"నేనా? నేనెప్పుడూ ఆటగాళ్ళతో..."

"నువ్వంటే వాడికి గురి. నేను వెళ్తే సవాలక్ష అడుగుతాడు. వాడి ఏజెంటు ఇవాళ పెద్ద చేపల వెంట ఉన్నాడు, 'ఆయన ఇష్టం' అనేశాడు. ఇంకో మాట, వదిలేస్తారన్న సంగతి ఎత్తకు. అది ఒమాహా వాళ్ళ గొడవ."

"అడిగితే?"

"లెన్, నీ పెన్షన్ పూర్తిగా రావాలంటే ఇంకెన్నేళ్ళు చెయ్యాలి?"

"మూడు."

"మరింకేం" అని భుజం తట్టి వెళ్ళిపోయాడు హాల్వర్సన్.

చికిత్స గదిలో కార్నెల్ నడుం లోతు ఐసునీళ్ళ తొట్టెలో కూర్చుని ఉన్నాడు. ఏడడుగుల మనిషి. మోకాళ్ళ చుట్టూ పాత ఆపరేషన్ల కుట్లు జెర్రుల్లా కనిపిస్తున్నాయి. లియొనార్డ్ చేతిలో కాగితాలు చూడగానే అతని పెదవుల మీది నవ్వు నిలిచిపోయింది.

"నేనేనా?"

లియొనార్డ్ తలూపాడు.

"ఎక్కడికి?"

"ఒమాహా."

కార్నెల్ నీళ్ళకేసి చూశాడు. ఐసుముక్క ఒకటి తేలుకుంటూ వచ్చి అతని పొట్టకి తగిలింది. బహుమానం సంగతి లియొనార్డ్ చెప్పాడు. అంకెలు చెబుతున్నంతసేపూ గొంతు సాఫీగానే వచ్చింది.

"మొత్తం వదులుకోనక్కర్లేదు, కార్నెల్. లెక్క కట్టి చూశాను. పదివేలు నీకు మిగుల్తాయి. అంతవరకూ ఇముడుతుంది."

"మీరే చూశారా?"

"నేనే."

"మీరు చూడకపోతే అదీ పోయేది." కార్నెల్ మొహం తుడుచుకున్నాడు. "డబ్బు మాట పక్కన పెట్టండి లెన్ గారూ. ఒక్కటి అడుగుతాను. సంతకం పెట్టకపోతే ఇక్కడే ఉంటాను కదా?"

"ఉంటావు. ఆడనివాళ్ళు కూర్చునే బల్ల మీద."

"బల్ల మీద" అని కార్నెల్ నవ్వాడు. "మా ఒడెట్‌కి ఆరేళ్ళొచ్చాయి. మొన్న బళ్ళో మీ నాన్నలు ఏం చేస్తారో చెప్పమన్నారట. మా నాన్న చప్పట్లు కొడతాడు అని చెప్పిందండీ. అబద్ధమా? అది చూడ్డం మొదలుపెట్టాక నేను బల్ల దిగిందెప్పుడు? పంతులమ్మ నవ్వాపుకోలేక మా ఆవిడకి ఫోన్ చేసింది."

లియొనార్డ్ నవ్వబోయాడు. కాగితాలు ఇంకో చేతికి మార్చుకున్నాడు.

"అక్కడ నన్ను ఆడిస్తారా? పది నిమిషాలు చాలు. ఐదైనా చాలు."

"వాళ్ళ సెంటర్‌కి చీలమండ విరిగింది" అన్నాడు లియొనార్డ్. అది నిజమే.

"చదివాను. అందుకే అడుగుతున్నా. మీరు ఊరించి చెప్పే మనిషి కాదు. ఆడిస్తారా?"

గోడ మీద గడియారం రెండూ పది చూపిస్తోంది. లియొనార్డ్ అటు చూశాడు. కాగితాల అంచులు సరిచేశాడు. అవి అప్పటికే సరిగ్గా ఉన్నాయి.

"ఆడిస్తారు."

కార్నెల్ తడిచేయి తువ్వాలుకి ఒత్తుకుని కలం అందుకున్నాడు. సంతకం చివర సిరా కొంచెం చెదిరింది. "ఏం కాదుగా?" అని అడిగాడు. ఏం కాదన్నాడు లియొనార్డ్.

రెండూ యాభై రెండుకి లీగు ఆమోదించింది. పై అంతస్తులో కేకలు వినిపించాయి, ఎవరో బల్ల చరిచారు. లియొనార్డ్ పట్టికలో కార్నెల్ వరస తీసేశాడు. కింది పేర్లు ఒక మెట్టు పైకి జరిగాయి. అట్టడుగున ఎర్రగా ఉన్న అంకె నల్లగా మారింది.

మూడున్నరకి కార్నెల్ తల వంచి ఆ గదిలోకి వచ్చాడు. భుజాన సంచీ, ఒంటి మీద కోటు. ఆటగాడెవడూ అంతకుముందు ఆ గది గుమ్మం తొక్కలేదు. వస్తూనే లియొనార్డ్‌ని కుర్చీలోంచి లేపి కావలించుకున్నాడు. కళ్ళజోడు కోటు గుండీకి పట్టుకుని వంకరపోయింది.

"ఒడెట్‌కి చెప్పేశాను. మంచమెక్కి గంతులేస్తోందట. అది ఆరింటి విమానానికి నాతో వచ్చేస్తోంది, మా ఆవిడ సామాన్లు సర్దుకుని వస్తుంది. మీరొకసారి ఒమాహా రావాలి. ఊరికే వదలను, మా లూజియానా రొయ్యల పులుసు తినిపిస్తాను."

"కార్నెల్..."

"ఏంటండీ?"

లియొనార్డ్ కళ్ళజోడు సరిచేసుకున్నాడు. బల్ల మీద సంతకాల కాగితం ఉంది. గోడ అవతల బంతి చప్పుడు ఆగి మళ్ళీ మొదలైంది.

"మోకాళ్ళు జాగ్రత్త" అన్నాడు.

ఐదుకి పది నిమిషాలుండగా టీవీ తెర అడుగున వార్త పాకింది. ఒమాహా జట్టు కార్నెల్ బోడ్రీని వదిలేసింది. ఓనరు పంపిన కేకు ముక్క చేతిలో పట్టుకుని హాల్వర్సన్ అప్పుడే గుమ్మం దగ్గరికి వచ్చాడు.

"అరె, అప్పుడేనా? రేపటిదాకా అన్నా ఆగుతారనుకున్నా." కేకు కొరికాడు. "ఓనరు నిన్ను మెచ్చుకున్నాడోయ్. పేరేంటని అడిగాడు కూడా."

లియొనార్డ్ ఫోన్ తీసి బల్ల మీద ఎదురుగా పెట్టుకున్నాడు. తిట్టనీ. ఎన్ని తిడితే అన్నీ వినాలనుకున్నాడు. తిట్లకి ఏం జవాబు చెప్పాలో కూడా కూడబలుక్కున్నాడు. ఐదూ ఇరవైకి మోగింది.

"లెన్ గారూ." వెనక విమానాశ్రయపు ప్రకటనలు వినిపిస్తున్నాయి. గొంతు మామూలుగానే ఉంది, కాస్త బొంగురుపోయిందంతే. "చూశారా వార్త?"

"చూశాను."

"మిమ్మల్నీ మోసం చేశారన్నమాట."

లియొనార్డ్ వేళ్ళు బల్ల అంచుని పట్టుకున్నాయి.

"మీరు మనసులో పెట్టుకుంటారని ఫోన్ చేశాను. మీ స్వభావం నాకు తెలుసు, రాత్రంతా కూర్చుని కుమిలిపోతారు. మీకేం తెలుసండీ పాపం, వాళ్ళు రాసిచ్చింది తెచ్చారు. మీకు తెలియదు కదా?"

అవతల ఒక చిన్న గొంతు, "నాన్నా, అందరూ ఎక్కేస్తున్నారు, మనం ఎక్కమా?" అని అడుగుతోంది.

"తెలియదు" అన్నాడు లియొనార్డ్.

"అదే. అదే అనుకున్నా. ఉంటానండీ, పిల్లకి ఏదో ఒకటి చెప్పాలి." ఫోన్ పెట్టేశాడు.

ఆ తరవాత కార్నెల్ బోడ్రీని ఏ జట్టూ పిలవలేదు. ఏప్రిల్‌లో సీజను ముగిశాక టొలీడో జట్టుకి పంపకం సొమ్ము అణాపైసలతో సహా వచ్చింది. లియొనార్డ్ జీతం రెండు శాతం పెరిగింది. మరో మూడేళ్ళూ అతను అదే గదిలో పనిచేశాడు.

ఆ సాయంత్రం మాత్రం కోటు వేసుకుని కారిడార్లో నడుస్తుంటే సామాన్లు చూసే ముసలాయన పర్సీ ఎదురొచ్చాడు. ఆటగాళ్ళు బట్టలు మార్చుకునే గదిలోంచి ఒక కుర్చీ ఈడ్చుకొస్తున్నాడు.

"సమయానికొచ్చావు లెన్. కార్నెల్ మోకాళ్ళు వంగవని నేనే చేసిచ్చా. ఇదేమన్నా జట్టు లెక్కల్లో ఉందా? ఉంటే గోదాములో పెడతా, లేకపోతే పారేస్తా."

లియొనార్డ్ కుర్చీకేసి చూశాడు.

"లెక్కల్లో లేదు" అన్నాడు.

"సరే, పొద్దున చెత్తబండి వస్తుందిలే" అని పర్సీ దాన్ని గోడవారగా నిలబెట్టి వెళ్ళిపోయాడు. లియొనార్డ్ కూడా మంచులోకి వెళ్ళిపోయాడు. మామూలు కుర్చీయే అది. నాలుగు కాళ్ళ కిందా జానెడు చెక్కదిమ్మలు మేకులు కొట్టి బిగించి ఉన్నాయి. తోలు మధ్యలో గుంటపడి, ఆ గుంటలో ఐసునీళ్ళ తడి ఇంకా ఆరలేదు.