అతుకు చల్లారేదాకా

పనిచేయని పాత ఫ్రిజ్ తలుపు తీసి సాకియుసా లోపలికి చేయి పెట్టాడు. వెల్డింగ్ రాడ్లు చల్లగా తగిలాయి. వాటిని పొడిగా ఉంచే బల్బు రాత్రి గాలివానకు కరెంటు పోయి ఆరిపోయింది. రాడ్లను రేకులో పరిచి స్టవ్వు మీద పెట్టాడు.

లెవుకా రేవులో ముప్పై ఏళ్లుగా ఇదే పని. ముంజేతుల నిండా నిప్పురవ్వల మచ్చలు, ఎప్పుడూ ఎర్రగా ఉండే కళ్లు. ఆదివారం చర్చిలో బొంగురు గొంతుతో కీర్తనలు పాడతాడు. మిగతా రోజుల్లో మాట తక్కువ.

అక్క లితియా భర్త అపెనిసా వచ్చి నిలబడ్డాడు. అతని పడవకు చుక్కానిని తిప్పే ఇనుప చేయి విరిగింది. కోరో ద్వీపంలో అతని తల్లి పోయింది. రేపే సమాధి.

"ఏం బామ్మర్దీ, రాడ్లు వేపుతున్నావా? కాస్త ఉప్పూ కారం చల్లు."

"తడి పోవాలి బావా."

"మీ ఊళ్లో తడంతా బుర్రల్లోనే కదా!"

సాకియుసా నవ్వాడు. బావ ఎగతాళికి కోపం తెచ్చుకోవడం, బావ అడిగితే కాదనడం ఆ ద్వీపాల్లో ఎరగరు.

మందపాటి ఉక్కును ముందు మంటతో కాచి, జనరేటరు నడిపి అతుకు వేశాడు. చేప పొలుసుల్లా వరసగా వచ్చింది. మెల్లగా చల్లారాలని, కప్పడానికి గోనెపట్టా తేబోయాడు. వెనక సుయ్‌మన్న చప్పుడు. అపెనిసా చేతిలో ఖాళీ బకెట్టు.

"నీళ్లు పోశాలే. నీకు శ్రమ తగ్గింది."

"ఎంత పని చేశావు బావా! గాజులా పెళుసైపోతుంది. కోసి మళ్లీ వేస్తానుండు."

"పోటు తగ్గిపోతోంది. మా అమ్మ ఆగుతుందా? నువ్వేసిన అతుకు ఎప్పుడైనా ఊడిందా?"

అపెనిసా ఆ చేయిని తీసుకెళ్లి చుక్కానికి బిగించేశాడు. అక్క మనవలతో అప్పటికే పడవెక్కింది. "అక్కా, దిగవే."

"అత్త మట్టికి నేను లేకపోతే ఎలారా?"

పాస్టరు ప్రార్థన చేశాడు. సాకియుసా కూడా ఆమెన్ అన్నాడు. ఉక్కు గుణం మార్చమని దేవుణ్ని అడగవచ్చో లేదో అతనికి తెలియలేదు.

పడవ కదిలాక, అలాంటి ఉక్కువే వేరే పాత ముక్కలు రెండు తీసుకుని అలాగే అతికాడు. అలాగే నీళ్లు పోశాడు. గట్టిగా ఉంటుందేమోనన్న ఆశ. బల్లకున్న ఇనుప పట్టులో బిగించి సుత్తితో కొట్టాడు. వంగలేదు. ఒక్క దెబ్బకే విరిగింది. లోపల చక్కెర పలుకుల్లా మెరుపు.

రేవు అంచుకు పరుగెత్తాడు. పడవ పగడపు గట్టు దాటిపోయింది. బావ ఫోను మోగీ మోగీ ఆగిపోయింది. వెంట వెళ్లడానికి మరో పడవ లేదు.

రేవు ఒడ్డున రాతి మీద, తమ్ముడి కోసం లితియా వదిలి వెళ్లిన అరటాకు పొట్లం ఉంది. దుంపలూ చేపా. ఇంకా వెచ్చగానే ఉంది.